జీడిపిక్క తొక్కలోంచి అల్జీమర్స్ మందు వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

"జీడి తొక్కలో మతిమరుపుకి మందు కనిపెట్టేశారు" అనే మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, తిరిగిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉంది, "కనిపెట్టేశారు" అన్న మాట మాత్రం చాలా తొందరపాటు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది.

## తొక్క, నూనె

జీడి తొక్కలో అంత ప్రత్యేకంగా ఏముంది?

జీడిపిక్క పెంకు లోపల గుల్లగుల్లగా ఉండే ఒక పొర ఉంటుంది, దాని నిండా ముదురు గోధుమ రంగు చిక్కటి జిడ్డు. అదే జీడి నూనె. పేరుకి నూనే గానీ వేరుశనగ నూనెలాగా, నువ్వుల నూనెలాగా అది కొవ్వు కాదు, ఫినాల్ జాతి రసాయనాల కలగలుపు. వేడి తగలని పచ్చి నూనెలో 60 నుంచి 65 శాతం అనకార్డిక్ ఆమ్లం, 15 నుంచి 20 శాతం కార్డాల్, 10 శాతం దాకా కార్డనాల్ ఉంటాయి. వీటన్నిటికీ ఆకారం దాదాపు ఒకటే, ఒక పక్క బెంజీన్ వలయం, ఇంకో పక్క 15 కార్బన్ల పొడవాటి తోక. ఇలాంటి అణువుని పెట్రోలియం సరుకు నుంచి మొదలుపెట్టి కట్టాలంటే ల్యాబ్‌లో చాలా మెట్లు ఎక్కాలి. జీడిచెట్టు దాన్ని తన గింజని కాపాడుకోవడానికి ఊరికే తయారుచేసి పెడుతోంది. మందుల పరిశోధకుల కన్ను పడింది దాని మీదే.

తొక్కని వ్యర్థం అంటారేంటి? మా దగ్గర మిల్లులు కొంటాయి కదా?

నిజమే, పలాస–కాశీబుగ్గలో ఎవరినడిగినా తొక్క ఊరికే పోదనే చెబుతారు. ఎక్స్‌పెల్లర్‌లో ఆడి నూనె తీస్తారు, ఆ నూనె బ్రేక్ లైనింగులకి, పెయింట్లకి, వార్నిష్‌లకి, ఎపాక్సీ గట్టిపడే రసాయనాలకి పోతుంది, మిగిలిన పిప్పి బాయిలర్లలో మంటకి పోతుంది. పరిశోధకులు "ఆహార వ్యర్థం" అని రాసేది వేరే లెక్కలో: పంట పండించేది పప్పు కోసం, తొక్క తినడానికి పనికిరాదు, పైగా బరువులో ఎక్కువ భాగం అదే. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే పప్పు సుమారు 20 కిలోలు వస్తుంది, తొక్క 50 కిలోల పైనే మిగులుతుంది, అందులోంచి నూనె పది కిలోల చుట్టూ దిగుతుంది. నూనె మిల్లులు లేని చోట్ల తొక్క కుప్పలుగా పడి ఉండడమో, పొగ చిమ్ముతూ తగలబడడమో మామూలే. ఆ ఊళ్లకి ఇది అచ్చంగా వ్యర్థమే.

ఆవిరి పట్టిన తొక్కకీ కాల్చిన తొక్కకీ తేడా ఉంటుందా?

ఉంటుంది, చాలా పెద్ద తేడా. అనకార్డిక్ ఆమ్లం బాగా వేడెక్కితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి అది కార్డనాల్‌గా మారిపోతుంది. పరిశ్రమలో 180–200 డిగ్రీల దగ్గర కావాలనే ఈ పని చేయిస్తారు, అందుకే మార్కెట్లో అమ్మే నూనెలో 60 శాతం పైన కార్డనాలే ఉంటుంది. పాతకాలం డ్రమ్ముల్లో నిప్పుల మీద పిక్కలు కాల్చినప్పుడు నూనెలో చాలా భాగం మండిపోయేది. ఇప్పుడు ఎక్కువ యూనిట్లు ఆవిరి పట్టి కొడుతున్నాయి, దాంతో నూనె తొక్కలోనే మిగులుతోంది. ల్యాబ్‌లో ఒకరికి అనకార్డిక్ ఆమ్లం కావాలి, ఇంకొకరికి కార్డనాల్ కావాలి, కాబట్టి "జీడి నూనె" అని ఊరికే అంటే వాళ్లకి ఏమీ చెప్పినట్టు కాదు.

నల్లజీడి గింజలూ ఇవీ ఒకటేనా?

కాదు. నల్లజీడి వేరే చెట్టు, బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడేవాళ్లు, ఆయుర్వేదంలో భల్లాతకం అంటారు. రెండూ ఒకే కుటుంబం, మామిడి కూడా ఆ కుటుంబమే, అందుకే మూడింటి జీడీ ఒంటిమీద పడితే పొక్కుతుంది. ఇక్కడ రాసిందంతా జీడిమామిడి పిక్క గురించి మాత్రమే.

పండు కూడా తోటల్లోనే కుళ్లిపోతుంది కదా, దాంట్లో మందు లేదా?

జీడిమామిడి పండులో విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ, గోవాలో దాంతో ఫెనీ కాస్తారు. మన వైపు ఎక్కువగా పారబోతే. అది నాకూ బాధగానే ఉంటుంది గానీ, మెదడు మందుల కోసం వాడుతున్న ఆ పొడుగు తోక ఫినాళ్లు కావలసినంత దొరికేది పెంకులోనే, పండు రసంలో కాదు.

## ల్యాబ్‌లో జరిగేది

నూనెని మందుగా ఎలా మారుస్తారు? వడకట్టి మాత్ర చేస్తారా?

అలా అయితే ఎంత బాగుండేది. ముందున్న చిక్కు ఏమిటంటే, నూనెలో కార్డనాల్ ఒక్కటిగా ఉండదు, నాలుగు రకాలుగా ఉంటుంది. తోక పొడవు అన్నిటికీ ఒకటే, కానీ ఒకదాని తోకలో డబుల్ బాండ్ ఉండదు, ఇంకోదానికి ఒకటి, మరోదానికి రెండు, మిగతాదానికి మూడు. మందు అంటే మామూలుగా ప్రతి మాత్రలో ఒకే రకం అణువు ఉండాలి, నాలుగు రకాల కలగలుపుకి అనుమతి తెచ్చుకోవడం చాలా కష్టం. వీటిని విడదీయడం ఖర్చుతో కూడిన తలనొప్పి.

ఇక్కడ రసాయన శాస్త్రవేత్తలు ఒక అందమైన చిట్కా పట్టారు. డబుల్ బాండ్లు ఎన్ని ఉన్నా మొదటిది మాత్రం ఎప్పుడూ తోకలో ఎనిమిదో కార్బన్ దగ్గరే ఉంటుంది. ఓజోన్ వాయువు పంపిస్తే డబుల్ బాండ్ ఉన్న చోటల్లా తోక తెగిపోతుంది. చెరకు గడల్లో కణుపులు ఎన్ని ఉన్నా అన్నిటినీ మొదటి కణుపు దగ్గరే నరికితే ఒకే కొలత ముక్కలు వచ్చినట్టు, ఇక్కడ మూడు రకాల కార్డనాళ్ల నుంచీ ఒకే అణువు చేతికొస్తుంది: వలయం, దానికి ఎనిమిది కార్బన్ల తోక, తోక చివర ఇంకేదైనా తగిలించుకోవడానికి వీలుగా ఒక ఆల్కహాల్ కొక్కెం. డబుల్ బాండ్ లేని రకం మాత్రం తెగదు, అది చాలా తక్కువే ఉంటుంది కాబట్టి పక్కకి తీసేస్తారు.

ఆ కొక్కేనికి మెదడు ఎంజైమ్‌ని పట్టుకునే ఇంకో ముక్కని అతికిస్తారు. మందుగా పరీక్షించేది ఈ కొత్త అణువుని. అది నూనెలో ఎక్కడా ఉండదు, నూనె దానికి ముడిసరుకు, అంతే.

ఈ పని ఎవరు చేస్తున్నారు?

ప్రధానంగా రెండు చోట్ల పేర్లు కనిపిస్తాయి. బ్రెజిల్లో బ్రసీలియా విశ్వవిద్యాలయంలో లూయిజ్ రొమెయ్రో బృందం, ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయంలో మరియా లౌరా బొలోన్యేసి బృందం. జీడిచెట్టు పుట్టిల్లు ఈశాన్య బ్రెజిలే కాబట్టి (పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో గోవాకి తెచ్చారు) వాళ్లకి ఆ ఆసక్తి ఉండడంలో వింత లేదు. 2016లో ఈ రెండు బృందాలూ కలిసి కార్డనాల్ నుంచి చేసిన, అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని (జ్ఞాపకానికి అవసరమైన ఒక రసాయనాన్ని ముక్కలు చేసేది ఇదే) అడ్డుకునే అణువుల గురించి పేపర్ వేశాయి. 2021లో బొలోన్యా బృందం ముందుండి, జీడి ముక్కనీ టాక్రిన్ అనే పాత మందు ముక్కనీ కలిపిన అణువుల గురించి ఇంకో పేపర్ వచ్చింది. వాట్సాప్ మెసేజ్‌కి మూలం ఏదైనా ఉందంటే ఇలాంటి పనే.

అల్జీమర్స్‌కి మందులు ఉన్నాయిగా, మళ్లీ జీడి అణువే ఎందుకు?

ఆకారం కలిసింది కాబట్టి. రివాస్టిగ్మిన్ అనే మందు ఇప్పటికే వాడుకలో ఉంది, దాని మధ్యలో ఒక బెంజీన్ వలయం, వలయం మీద ఒక చోట ఆక్సిజన్, అక్కడి నుంచి ఒకటి విడిచి తర్వాతి చోట ఇంకో గొలుసు ఉంటాయి. కార్డనాల్‌లో కూడా ఆక్సిజన్, తోక సరిగ్గా అదే ఎడంలో ఉంటాయి. చూడగానే రసాయనం చదివినవాళ్లకి చెయ్యి దురద పెడుతుంది. ఇంకో ముచ్చట, రివాస్టిగ్మిన్ కూడా ఒక గింజ విషం చూసి నేర్చుకున్నదే: పశ్చిమ ఆఫ్రికాలో నేరం చేశాడో లేదో తేల్చడానికి నిందితుడి చేత తినిపించిన కాలబార్ చిక్కుడు గింజలోని ఫైసోస్టిగ్మిన్ దానికి నమూనా.

ఖరీదు కూడా ఒక కారణం. డిమెన్షియా (మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) ఉన్నవాళ్లలో 60 శాతం పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు, జీడి పండేదీ ఆ దేశాల్లోనే. అక్కడే దొరికే చవక సరుకుతో మందు కట్టగలిగితే మేలు కదా అన్నది వీళ్ల ఆలోచన. నాకైతే ఇది న్యాయమైన ఆలోచనే అనిపిస్తుంది, కానీ మందు ధరలో ముడిసరుకు వాటా కొంచెమే, ట్రయల్స్ ఖర్చే ఎక్కువ, ఆ సంగతి ఈ వార్తల్లో ఎవరూ రాయరు.

టాక్రిన్ లివర్‌ని పాడుచేస్తుందని ఆపేశారు కదా, మళ్లీ దాన్నే కలుపుతున్నారా?

సరైన అనుమానం. టాక్రిన్‌కి 1993లో అమెరికాలో అనుమతి వచ్చింది, అల్జీమర్స్‌కి వచ్చిన మొదటి మందు అదే. వాడినవాళ్లలో దాదాపు సగం మందికి లివర్ ఎంజైములు పెరిగాయి, చివరికి 2013లో అక్కడ మార్కెట్ నుంచి పోయింది. అయినా ఎంజైమ్‌ని గట్టిగా పట్టుకునే గుణం దానికి బాగా ఉంది కాబట్టి ల్యాబుల్లో ఇప్పటికీ ముక్కగా వాడుతుంటారు. 2021 పనిలో తయారుచేసిన అణువుల్ని లివర్ కణాల మీద, నరాల కణాల మీద, మైక్రోగ్లియా అనే మెదడు రక్షణ కణాల మీద పరీక్షించి, వాటి విషప్రభావం ఎంతో చూసి ముందుకు తీసుకెళ్లాల్సినవి ఎంచుకున్నారు. గిన్నెలోని కణాలు తట్టుకున్నాయి కదా అని మనిషి లివర్ కూడా తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు.

2021 పేపర్‌లో "0.0352 నానోమోలార్" అని రాశారు, అది గొప్పేనా?

గొప్పే. నానోమోలార్ అంటే ద్రవంలో మందు గాఢతకి కొలత, ఈ సంఖ్య ఎంత చిన్నదైతే అంత తక్కువ మోతాదుతో ఎంజైమ్ ఆగుతుందని అర్థం. ఒక అణువు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని ఈ స్థాయిలో అడ్డుకుంది, అది ఎంజైమ్‌లో ఎలా కూర్చుందో ఎక్స్‌రే స్ఫటిక చిత్రంలో కూడా చూశారు. జబ్బు ముదిరేకొద్దీ మెదడులో అసిటైల్‌కోలినెస్టరేజ్ తగ్గి ఈ రెండో ఎంజైమ్ పాత్ర పెరుగుతుంది, అందుకే దీని మీద ఆసక్తి. కాకపోతే ఈ కొలత పరీక్షనాళికలోది. మింగిన అణువు పేగులు దాటి, లివర్ నుంచి తప్పించుకుని, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటాలి, ఆ దారంతా ఈ సంఖ్యలో కనిపించదు.

## మెదడు దగ్గర

ఇది వస్తే అల్జీమర్స్ నయమైపోతుందా?

పోదు. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అల్జీమర్స్‌లో తగ్గిపోతుంది. ఉన్న కాస్తనీ ముక్కలు చేసే ఎంజైమ్‌ని ఆపితే ఆ రసాయనం కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది, మనిషి కొన్నాళ్లు కాస్త తేటగా ఉంటాడు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ చేసేది ఇదే, అవి చచ్చిపోయిన కణాల్ని తిరిగి తేలేవు. జీడి అణువుల్లో కొత్తదనం ఏమిటంటే, ఎంజైమ్‌ని ఆపడంతో పాటు మెదడులో వాపుని కూడా తగ్గించాలని చూడడం, ఒకే అణువుతో రెండు పనులు. మైక్రోగ్లియా కణాల మీద ఆ వాపు తగ్గించే గుణం కనబడింది. జబ్బు మూలాన్ని ఆపుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

మనుషుల మీద పరీక్షించారా?

పైకి వచ్చిన ఈ ఫలితాలు ఎంజైముల మీదవి, కణాల మీదవి. ఆ తర్వాత జంతువులు, ఆరోగ్యవంతులైన కొద్దిమందితో ఫేజ్ 1, రోగులతో ఫేజ్ 2, పెద్ద సంఖ్యలో రోగులతో ఫేజ్ 3 దాటాలి, అన్నీ సాఫీగా జరిగినా పదేళ్లు తేలిగ్గా పడుతుంది. అల్జీమర్స్ విషయంలో ఇంకా కష్టం: 2002 నుంచి 2012 దాకా జరిగిన ట్రయల్స్‌ని లెక్కేస్తే 99.6 శాతం మందులు ఫెయిలయ్యాయి. ఎవరైనా "వచ్చే ఏడాది మార్కెట్లోకి" అని చెబితే నమ్మకండి.

అల్జీమర్స్ ఒక్కదానికేనా, వేరే మెదడు జబ్బులకి కూడానా?

ఆఫ్రికాలో సీట్సీ ఈగ కాటుతో వచ్చే నిద్రజబ్బు ఉంది, పరాన్నజీవి చివరికి మెదడులోకి చేరి ప్రాణం తీస్తుంది. బొలోన్యా బృందమే 2019లో జీడి నూనె నుంచి చేసిన అణువులు ఆ పరాన్నజీవి శక్తి తయారుచేసుకునే వ్యవస్థని దెబ్బతీస్తున్నాయని చూపించింది. ఆఫ్రికాలో జీడీ పండుతుంది, జబ్బూ ఉంది, కాబట్టి నిజం చెప్పాలంటే ఈ ముడిసరుకు వాదన అల్జీమర్స్ కంటే అక్కడే ఎక్కువ అతుకుతుంది.

## ఇంట్లో రోగి ఉంటే

మా నాన్నగారికి అల్జీమర్స్. జీడి నూనె చుక్కలుగా ఇవ్వొచ్చా?

వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. ఆ నూనె చర్మానికి తగిలితేనే పొక్కులు లేస్తాయి, నోట్లో, గొంతులో, కడుపులో ఏం చేస్తుందో ఊహించుకోండి. మందు కోసం పరీక్షిస్తున్నది రసాయనికంగా పూర్తిగా మార్చిన అణువుని, మిల్లు డబ్బాలోని నూనెని కాదు. తొక్క కాల్చిన బూడిద, తొక్క కషాయం, తొక్క నానబెట్టిన నీళ్లు, వీటన్నిటికీ ఇదే జవాబు. "సహజమైనదే కదా" అని ఎవరైనా అంటే, పిక్కలు కొట్టేవాళ్ల చేతులు ఒకసారి చూసి రమ్మనండి.

పోనీ జీడిపప్పు రోజూ తినిపిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

పప్పు మంచి తిండి, మెగ్నీషియం, మంచి కొవ్వులు ఉంటాయి, పళ్లు బాగుంటే నాలుగు పలుకులు తిననివ్వండి. అల్జీమర్స్‌కి అది మందు కాదు. మింగడం కష్టమవుతున్న దశలో ఉన్న పెద్దవాళ్లకి గట్టి పలుకులు గొంతుకి అడ్డం పడతాయి, ఏ రూపంలో ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు దొరికే మందులు ఏవి, ఖర్చు ఎంత?

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్, ఈ నాలుగూ పేటెంట్ అయిపోయిన పాత మందులే కాబట్టి జెనెరిక్‌లు దొరుకుతాయి, నెల ఖర్చు చాలా ఇళ్లకి అందుబాటులోనే ఉంటుంది. మెమాంటిన్ తప్ప మిగతా మూడింటితో వికారం, వాంతులు, విరేచనాలు కొందరికి వస్తాయి, గుండె వేగం తగ్గే అవకాశం ఉంది కాబట్టి గుండె జబ్బు ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. మాత్ర పడని వాళ్లకి రివాస్టిగ్మిన్ చర్మం మీద అంటించే ప్యాచ్‌గా కూడా ఉంది. కొత్తగా వచ్చిన లెకానెమాబ్ లాంటివి వేరే దారిలో, మెదడులో పేరుకున్న అమైలాయిడ్ అనే ప్రోటీన్‌ని తీసేస్తాయి, తొలి దశ రోగులకే ఇస్తారు, మధ్యమధ్యలో ఎమ్మారై స్కాన్లు తప్పవు. అమెరికాలో దాని ధర ఏడాదికి 26,500 డాలర్లుగా పెట్టారు. చవక ముడిసరుకు గురించి పరిశోధకులు ఎందుకు అంత మాట్లాడతారో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

దానిమ్మ తొక్క, ఉల్లి పొట్టు, తవుడు కూడా మెదడుకి మంచివంటున్నారు?

దానిమ్మ తొక్కలో ప్యునికలాజిన్, ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్, తవుడులో ఫెరూలిక్ ఆమ్లం, నారింజ తొక్కలో హెస్పెరిడిన్ ఉన్న మాట నిజం. ల్యాబ్‌లో కణాల మీద వాటి పేపర్లు కుప్పలు తెప్పలు. కానీ వీటిలో చాలావాటికి ఒంట్లోకి సరిగ్గా ఇంకకపోవడమే పెద్ద సమస్య, తిన్నది మెదడు దాకా చేరేది అతి తక్కువ. డబ్బాల్లో వచ్చే పౌడర్లకి వేలు పోయకండి.

## రైతు, మిల్లు, కూలి

మందు వస్తే మా జీడిపిక్కల ధర పెరుగుతుందా?

పెరగదనే నా లెక్క, ఎందుకో చూడండి. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. వాళ్లందరూ రోజుకి 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నారనే అనుకుందాం. రోజుకి 88 కిలోల మందు, ఏడాదికి 32 టన్నులు. నూనెలో పదో వంతే మందుగా చేతికొస్తుందనుకున్నా 320 టన్నుల నూనె చాలు, అంటే దాదాపు 2,500 టన్నుల పిక్కల తొక్క. దేశంలో ఏటా కొట్టే పిక్కలు లక్షల టన్నులు. మందు పరిశ్రమ కొనేది ఆ కుప్పలో చెంచాడు కూడా ఉండదు. తొక్క ధరని తేల్చేది ఇక ముందు కూడా బ్రేక్ లైనింగులూ పెయింట్లే. పిక్కల ధరని తేల్చేది పప్పు మార్కెట్, ఆఫ్రికా నుంచి దిగే పిక్కలు, తిత్లీ లాంటి తుపాన్లు (2018 అక్టోబరులో ఉద్దానం తోటలు ఎలా నేలకూలాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు). ఈ వార్త చూపించి ఎవరైనా తోట అమ్మొద్దనో, కొనమనో సలహా ఇస్తే వినకండి.

పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు కాలిపోతున్నాయి. వాళ్లకి ఈ పరిశోధనతో ఏమైనా ఒరుగుతుందా?

నేరుగా ఏమీ లేదు, ఈ వార్తలన్నిటిలో నాకు కోపం తెప్పించే సంగతి ఇదే. ఆముదం రాసుకోవడం, బూడిద అద్దుకోవడం కొంత అడ్డం, పూర్తి రక్షణ కాదు. జిడ్డు చేతికంటితే ఆలస్యం చేయకుండా సబ్బుతో బాగా కడుక్కోవాలి, పొక్కులు చిదమకూడదు, ముఖానికీ కళ్లకీ ఆ చేయి తగలనివ్వకూడదు. చేతి తొడుగులు వేసుకుంటే చెయ్యి ఆడక పని తగ్గుతుంది, కేజీల లెక్కన కూలి ఇచ్చే చోట ఎవరు వేసుకుంటారు? కూలి లెక్క మార్చకుండా తొడుగులు పంచి ఫొటో దిగడం వల్ల ఉపయోగం లేదు.

మా యూనిట్ నూనె పరిశోధనకి పంపాలనుంది, ఎలా?

మీ దగ్గర్లోని విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ లేదా ఫార్మసీ విభాగాన్ని ముందు అడగండి, వాళ్లకి అవసరం ఉందని చెప్పాకే పంపండి. పిక్కలు ఏ ఊరివి, ఏ నెలలో కొట్టారు, ఆవిరి పట్టారా కాల్చారా, నూనె ఎంత వేడి దగ్గర తీశారు, ఇవన్నీ రాసి పెట్టకపోతే శాంపిల్ ఉన్నా లేనట్టే. ముదురు రంగు గాజు సీసా తీసుకుని, మెడ దాకా నింపి బిగుతుగా మూత పెట్టండి, గాలీ వెలుతురూ తగిలితే నూనె మెల్లగా గట్టిపడుతుంది. చేతికి తొడుగులు మర్చిపోవద్దు. కొరియర్ వాళ్లకి చర్మాన్ని కాల్చే రసాయనమని ముందే చెప్పండి, చాలామంది తీసుకోరు, అప్పుడు మీరే పట్టుకెళ్లి ఇవ్వాల్సి ఉంటుంది.